ఆటలాడే అమ్మాయి గుండెకు పరీక్ష – దూరం నుంచి చేస్తే చాలా?

(ఆరోగ్య రంగంలో పనిచేస్తున్న మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆటలాడే పిల్లలకు గుండె పరీక్షలు అనగానే, ఇది స్త్రీల హక్కుల సమావేశంలో మాట్లాడే విషయమేనా అని మీలో కొందరికి అనిపించి ఉండవచ్చు. రక్తహీనత ఉంది, చిన్నతనపు పెళ్లిళ్లు ఉన్నాయి, కాన్పు చావులు ఉన్నాయి. వాటి ముందు ఇదెంత అనుకోవడం సహజమే.

కానీ మన చుట్టూ ఒక మార్పు వచ్చింది. 2000లో సిడ్నీలో శ్రీకాకుళం జిల్లా అమ్మాయి కరణం మల్లీశ్వరి పతకం గెలిచింది. ఒలింపిక్స్‌లో పతకం తెచ్చిన మొదటి భారతీయ మహిళ ఆమె. 2014లో సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుకుంటున్న మాలావత్ పూర్ణ పదమూడేళ్లకే ఎవరెస్టు ఎక్కింది. నిజామాబాద్ నుంచి నిఖత్ జరీన్, విశాఖ నుంచి జ్యోతి యర్రాజి, వరంగల్ జిల్లా కల్లెడ నుంచి దీప్తి జీవాంజి వచ్చారు. వీళ్ల వెనక పేర్లు తెలియని వేల మంది ఉన్నారు. గురుకులాల్లో, ఆశ్రమ పాఠశాలల్లో తెల్లవారకముందే లేచి కబడ్డీ, ఖోఖో ఆడే పిల్లలు వీళ్లు. పోలీసు ఉద్యోగం కోసం జూనియర్ కాలేజీ గ్రౌండులో చెప్పులు విడిచి పరుగులు తీసే అమ్మాయిలూ వీళ్లలో ఉన్నారు. వీళ్లు పతకం తెస్తే పూలదండలు వేయడానికి అందరూ వస్తారు. వీళ్ల గుండె సంగతి ఎవరు పట్టించుకుంటున్నారన్నది ఇవాళ్టి ప్రశ్న.

ఇప్పుడు ఈ ప్రశ్నకు ఒక సులువైన జవాబు వినిపిస్తోంది. చిన్న యంత్రం తీసుకెళ్లి హాస్టల్లోనే ఇ.సి.జి. తీసి, ఫోను ద్వారా పట్నంలోని గుండె డాక్టరుకు పంపితే చాలు అంటున్నారు. ఇందులో మంచి ఉంది. మనం అడగాల్సినవీ ఉన్నాయి. రెండూ చెప్పుకుందాం.

మొదట జబ్బు సంగతి. ఆట గుండెను చెడగొట్టదు. చాలా మందికి ఆట మేలే చేస్తుంది. అయితే కొద్దిమందికి పుట్టుకతోనో, వంశపారంపర్యంగానో గుండెలో ఒక లోపం ఉంటుంది. గుండె కండరం మందంగా పెరగడం ఒకటి. దీన్ని హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతి అంటారు. గుండె లయను నడిపే విద్యుత్తులో లోపం ఇంకొకటి. గుండెకు రక్తం తెచ్చే నాళం ఉండాల్సిన చోట కాక వేరే చోట మొదలవడం మరొకటి. మామూలుగా ఉన్నప్పుడు ఇవి బయటపడవు. గట్టిగా పరుగెత్తినప్పుడు గుండె లయ తప్పి మనిషి కూలిపోవచ్చు. కామెరూన్ ఫుట్‌బాల్ ఆటగాడు మార్క్ వివియన్ ఫో 2003లో ఫ్రాన్స్‌లోని లియాన్‌లో ఆట మధ్యలో ఇలాగే చనిపోయాడు. 2004 డిసెంబరులో బెంగుళూరులో ఫెడరేషన్ కప్పు ఫైనల్లో బ్రెజిల్ ఆటగాడు క్రిస్టియానో జూనియర్ గోల్ కొట్టి, గోల్‌కీపరును ఢీకొని, మైదానంలోనే కూలి ప్రాణం వదిలాడు.

ఆడవాళ్ల విషయంలో మనం గుర్తుంచుకోవాల్సిన పేరు ఫ్లో హైమన్. అమెరికా వాలీబాల్ జట్టులో ఆరడుగుల అయిదంగుళాల నల్లజాతి క్రీడాకారిణి. 1984 లాస్ ఏంజిలిస్ ఒలింపిక్స్‌లో వెండి పతకం గెలిచిన జట్టులో ముఖ్యురాలు. కాలేజీల్లో ఆడపిల్లల ఆటలకు సమాన అవకాశాలు కావాలని ప్రభుత్వం ముందు గొంతెత్తిన మనిషి కూడా. 1986 జనవరిలో జపాన్‌లో ఒక పోటీలో బయటికి వచ్చి బెంచి మీద కూర్చుని, అలాగే ఒరిగిపోయింది. ఆమెకు 31 ఏళ్లు. మొదట గుండెపోటు అన్నారు. కుటుంబం పట్టుబట్టి శవపరీక్ష చేయిస్తే తేలిందేమిటంటే, ఆమెకు మార్ఫాన్ సిండ్రోమ్ ఉంది, దానివల్ల గుండె నుంచి బయలుదేరే పెద్ద రక్తనాళం చిట్లింది. ఆ తర్వాత పరీక్ష చేస్తే ఆమె సోదరుడికీ అదే ఉందని తెలిసి ఆపరేషన్ చేశారు. బాగా పొడవు, పొడవాటి చేతులు, సన్నని వేళ్లు ఈ జబ్బు గుర్తులు. ఆమె పొడవును అందరూ మెచ్చుకున్నారు, జట్టు వాడుకుంది. ఆ పొడవు చెబుతున్న విషయాన్ని ఎవరూ చదవలేదు. ఇంకో మాట కూడా గుర్తుంచుకోండి. మార్ఫాన్‌ను ఇ.సి.జి. పట్టుకోలేదు. తెలిసిన డాక్టరు ఒంటిని చూడాలి, ఎకో పరీక్ష చేయాలి.

ఇలాంటి చావులు ఎన్ని? అమెరికా కాలేజీ క్రీడాకారుల లెక్కల ప్రకారం ఏడాదికి సుమారు 50 వేల మందిలో ఒకరు. అమ్మాయిల్లో ఇంకా తక్కువ, అబ్బాయిల్లో మూడో వంతు. ఇది నిజం, దాచనవసరం లేదు. భయపెట్టి పరీక్షలు అమ్ముకునేవాళ్లు ఈ అంకె చెప్పరు. అమ్మాయిలకు ఆటలెందుకు అనేవాళ్లకూ ఈ అంకె చెప్పాలి. అయితే తక్కువ అన్న మాట పరీక్షే వద్దనడానికి సాకు కాకూడదు.

పరీక్షలు చేస్తే లాభం ఉంటుందా? ఇటలీలో 1982 నుంచి పోటీల్లో ఆడే ప్రతి ఒక్కరికీ ఇ.సి.జి.తో సహా వైద్య పరీక్ష తప్పనిసరి. అక్కడి వెనెటో ప్రాంతపు లెక్కలు 2006లో వచ్చాయి. 1979-80లో లక్షకు 3.6గా ఉన్న హఠాన్మరణాలు 2003-04 నాటికి 0.4కు తగ్గాయి. అయితే ఇజ్రాయెల్‌లో 1997 తర్వాత ఇలాగే తప్పనిసరి చేస్తే మరణాలు తగ్గినట్టు కనిపించలేదని 2011లో ఒక అధ్యయనం చెప్పింది. ఇంగ్లండులో 1996 నుంచి 2016 వరకు 11,168 మంది కుర్ర ఫుట్‌బాల్ ఆటగాళ్లను ఎకోతో సహా పరీక్షించారు. ప్రమాదకరమైన జబ్బులు 42 మందిలో బయటపడ్డాయి. తర్వాతి కాలంలో గుండె జబ్బుతో చనిపోయిన ఎనిమిది మందిలో ఆరుగురికి పరీక్షలో ఏమీ లేదని వచ్చింది. అంటే పరీక్ష కొందరిని కాపాడుతుంది, అందరినీ కాదు. ‘పరీక్ష చేయించాం, ఇక భయం లేదు’ అనే మాట ఏ సంస్థ నోటా రాకూడదు.

ఇప్పుడు దూరం నుంచి చేసే పరీక్ష. ఇది కొత్త ఆలోచన కాదు. ఇ.సి.జి. యంత్రాన్ని తయారుచేసిన ఐంథోవన్ 1905లోనే నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో ఆసుపత్రిలో ఉన్న రోగి గుండె గీతల్ని టెలిఫోను తీగ మీద ఒకటిన్నర కిలోమీటర్ల దూరంలోని తన ప్రయోగశాలకు తెప్పించాడు. మన దగ్గర 2000లో చిత్తూరు జిల్లా అరగొండలో టెలిమెడిసిన్ కేంద్రం మొదలైంది. 2019లో కేంద్ర ప్రభుత్వం ఇ-సంజీవని పెట్టింది. 2020లో టెలిమెడిసిన్‌కు నియమాలు వచ్చాయి. కాబట్టి దారి ఉంది. అడవి అంచున ఉన్న ఆశ్రమ పాఠశాల పిల్లను నూరు కిలోమీటర్లు తీసుకెళ్లకుండా గుండె డాక్టరు అభిప్రాయం తెప్పించగలిగితే అది చిన్న విషయం కాదు.

అయితే ఆ యంత్రం ఏం చేస్తుందో మనకు తెలియాలి. పూర్తి ఇ.సి.జి. అంటే ఒంటి మీద పది చోట్ల అతికించి తీసేది. చేతులకు, కాళ్లకు నాలుగు, ఛాతీ మీద ఆరు. చేతి గడియారంలోనో, వేలు పెట్టే చిన్న పరికరంలోనో వచ్చే ఒక్క గీత దీనికి బదులు కాదు. ఆ నిమిషంలో లయ ఎలా ఉందో అది చెబుతుంది. కండరం మందంగా ఉందో లేదో దాన్ని నమ్మి చెప్పలేం. ‘గుండె పరీక్ష శిబిరం’ అని ఎవరైనా వస్తే ఏ పరీక్ష చేస్తున్నారో ముందు అడగండి.

ఛాతీ మీద ఆరు అన్నాను. మన సమస్య అక్కడ మొదలవుతుంది. అందులో కొన్ని ఎడమ రొమ్ము కిందికి రావాలి. తరగతి గదిలో బల్ల వేసి, తలుపు తెరిచిపెట్టి, మగ టెక్నీషియను నిలబడితే పధ్నాలుగేళ్ల పిల్ల ఏం చేస్తుంది? ఒళ్లు బిగించుకుంటుంది. లేదంటే ఆరోజు కడుపునొప్పి అని పడుకుంటుంది. టెక్నీషియను కూడా మొహమాటపడి ఎక్కడో పైన అతికిస్తాడు. గీత తప్పు వస్తుంది. దూరాన ఉన్న డాక్టరుకు ఆ సంగతి తెలియదు. లేని జబ్బు ఉందంటాడు, ఉన్నది లేదంటాడు. కాబట్టి ఆడ టెక్నీషియను, అడ్డు తెర, పక్కన తోడుగా ఒక స్నేహితురాలు ఉండాలని అడగడం సిగ్గు బిడియాల కోసం పెట్టే షరతు అనుకోవద్దు. పరీక్ష సరిగా జరగడానికే అవి కావాలి. ఏ.ఎన్.ఎం.లకు, నర్సులకు ఈ పని నేర్పవచ్చు.

చదివే డాక్టరుకు కూడా ఎవరి గీత చదువుతున్నాడో తెలియాలి. సాధన చేసేవాళ్ల గుండె నెమ్మదిగా కొట్టుకుంటుంది, అది జబ్బు కాదు. పదహారేళ్ల లోపు పిల్లల్లో, ఆడ క్రీడాకారుల్లో కొన్ని మార్పులు మామూలుగానే కనిపిస్తాయి. 2017లో వచ్చిన అంతర్జాతీయ ప్రమాణాల్లో క్యూటీ అనే కొలతకు హద్దు మగవాళ్లకు 470, ఆడవాళ్లకు 480 మిల్లీసెకండ్లు. మగవాళ్ల హద్దు పెట్టి చదివితే ఆరోగ్యంగా ఉన్న అమ్మాయి కూడా రోగి అవుతుంది. అందుకే గీతతో పాటు వయసు, ఆడో మగో, ఏ ఆట, ఎంత సాధన అన్నవి తప్పకుండా పంపాలి.

యంత్రం కన్నా ముందు చేయాల్సిన పని ఒకటుంది. దానికి ఖర్చు లేదు. కొన్ని ప్రశ్నలు అడగడం. పరుగెత్తుతున్నప్పుడు ఎప్పుడైనా కళ్లు తిరిగి పడిపోయావా? ఛాతీలో నొప్పి వచ్చిందా? తోటి పిల్లల కన్నా ముందే ఆయాసం వస్తుందా? గుండె దడదడలాడి లయ తప్పినట్టుంటుందా? మీ ఇంట్లో, మేనమామల, మేనత్తల ఇళ్లలో యాభై ఏళ్ల లోపు ఎవరైనా హఠాత్తుగా పోయారా? ఈత వచ్చినవాళ్లు నీళ్లలో మునిగిపోయారా? చిన్నప్పుడు కీళ్లు వాచి జ్వరం వచ్చిందా?

అమ్మాయిల దగ్గర ఈ జవాబులు రాబట్టడం ఎంత కష్టమో మీకు తెలుసు. అబ్బాయి గ్రౌండులో పడిపోతే ఆసుపత్రికి తీసుకెళతారు. అమ్మాయి పడిపోతే నెలసరి అంటారు, తిండి తినలేదంటారు, గాలి సోకిందంటారు, హిస్టీరియా అంటారు, పెళ్లి చేస్తే సర్దుకుంటుందంటారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలో 57 శాతం మంది స్త్రీలకు రక్తహీనత ఉంది. కాబట్టి ఆయాసం అనగానే ఇనుము మాత్రలు ఇచ్చి పంపుతారు. చాలాసార్లు అది సరైనదే కావచ్చు. కానీ పరుగు మధ్యలో స్పృహ తప్పడం రక్తహీనత ఖాతాలో రాసేయాల్సింది కాదు. ఫిట్స్ అని ఏళ్ల తరబడి మందులు మింగేవాళ్లలో కొందరికి అసలు జబ్బు గుండె లయది కావచ్చు.

మన దగ్గర ఇంకో జబ్బు ఉంది, కీళ్ల వాతపు గుండె జబ్బు. చిన్నప్పటి గొంతు నొప్పి, కీళ్ల జ్వరం తర్వాత గుండె కవాటాలు పాడవుతాయి. పేద ఇళ్లలో ఎక్కువ, ఆడవాళ్లలో ఎక్కువ. చాలా మందికి మొదటి కాన్పు సమయంలో ప్రాణం మీదికి వచ్చాక గానీ తెలియదు. ఇది ఎక్కువగా స్టెతస్కోపుకు, ఎకోకు దొరుకుతుంది. ముందే తెలిస్తే మూడు నాలుగు వారాలకోసారి పెన్సిలిన్ ఇంజక్షన్‌తో ముదరకుండా ఆపవచ్చు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో బడి పిల్లల గుండె జబ్బులు కూడా చూడాలని ఉంది. ఆ బృందం మీ మండలంలో బడికి వస్తోందా, పిల్ల ఛాతీ మీద స్టెతస్కోపు పెడుతోందా, రిజిస్టరులో టిక్కు పెట్టి పోతోందా అన్నది మీరు చూడగలరు.

ఇక అసలు భయం దగ్గరికి వస్తాను. ఆడ క్రీడాకారుల ఒంటిని పరీక్షించడం ప్రపంచానికి కొత్త కాదు. కానీ ఇన్నాళ్లూ ఆ పరీక్షలు వాళ్లను కాపాడడానికి జరగలేదు, బయటికి పంపడానికి జరిగాయి. 1960ల నుంచి నువ్వు ఆడదానివేనా అని పరీక్షలు పెట్టారు. 2006 దోహా ఆసియా క్రీడల్లో 800 మీటర్ల పరుగులో వెండి పతకం గెలిచిన తమిళనాడు అమ్మాయి, ఇటుక బట్టీ కూలీల బిడ్డ శాంతి సౌందరరాజన్ దగ్గర పతకం లాక్కున్నారు. 2014లో ద్యుతీ చంద్‌ను కామన్వెల్త్ క్రీడల జట్టు నుంచి తప్పించారు. ఆమె పోరాడి 2015లో ఆ నియమాన్ని ఆపించింది. 2025 సెప్టెంబరు నుంచి ప్రపంచ పోటీల మహిళా విభాగానికి జన్యు పరీక్ష మళ్లీ తప్పనిసరైంది. ఈ చరిత్ర తెలిసిన అమ్మాయి ఇంకో పరీక్ష అనగానే భయపడితే తప్పు ఆమెది కాదు.

గుండె పరీక్ష ఫలితం కూడా అలా మారవచ్చు. హాస్టల్లో ‘దానికి గుండె జబ్బట’ అన్న మాట ఒక పూటలో ఊరు చేరుతుంది. పిల్లను జట్టు నుంచి తీసేస్తారు. ఆటల కోటా పోతుంది, కొన్నిచోట్ల ఆటతో పాటు సీటూ పోతుంది. పెళ్లి సంబంధాలు చూసేవాళ్లు ఆ మాట మోసుకొస్తారు. ఆ భయంతోనే తల్లి రిపోర్టు పెట్టెలో దాచి, మందు కూడా మానిపిస్తుంది. ఇటలీలో పరీక్షించిన 42,386 మందిలో 9 శాతం మందిని మరిన్ని పరీక్షలకు పంపారు, చివరికి 2 శాతం మందిని మాత్రమే ఆపారు. అంటే మొదట అనుమానం వచ్చినవాళ్లలో ఎక్కువ మంది ఆడదగినవాళ్లే. రెండు వందల మంది ఉన్న హాస్టల్లో ఆ లెక్కన పద్ధెనిమిది మంది పట్నం వెళ్లాలి. వాళ్ల పేర్లు బోర్డు మీద రాస్తే ఏమవుతుందో ఊహించుకోండి.

జబ్బు ఉన్నా ఆట ఆగిపోవాలన్న నియమం అన్నిచోట్లా ఒకేలా లేదు. 2021 జూన్‌లో కోపెన్‌హాగన్‌లో డెన్మార్క్ ఆటగాడు ఎరిక్సన్ మైదానంలో కూలిపోతే అక్కడే షాకు ఇచ్చి బతికించారు. ఒంట్లో గుండెను కాపాడే పరికరం అమర్చారు. దానితో ఆడడానికి ఇటలీ నియమాలు ఒప్పుకోలేదు. 2022లో ఇంగ్లండులో ఆడాడు. మనిషి అతనే, గుండె అదే, రెండు దేశాల్లో రెండు తీర్పులు. కొన్ని జబ్బులకు చిన్న చికిత్సతో నయమవుతుంది. గుండెలో అదనపు విద్యుత్తు దారి ఉంటే దాన్ని కాల్చివేసి మళ్లీ ఆడించవచ్చు. కొన్నిటికి రోజూ మాత్రలు వేసుకోవాలి. కొన్నిటికి పోటీలు మానాల్సిందే. ఇప్పుడు డాక్టర్లు కూడా క్రీడాకారిణితో, కుటుంబంతో కూర్చుని నిర్ణయించాలంటున్నారు. గురుకులం పిల్ల విషయంలో ఆ కూర్చోవడం జరుగుతుందా, లేక వార్డెనమ్మ కబురు పంపి సామాను సర్దుకోమంటుందా?

సమ్మతి సంగతి మన రాష్ట్రంలోనే చూశాం. 2009లో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో ఆడపిల్లలకు హెచ్.పి.వి. టీకాల ప్రాజెక్టు నడిచింది. చాలా మంది గిరిజన పిల్లలు, హాస్టలు పిల్లలు. 2010లో దాన్ని ఆపేశాక జరిగిన విచారణలో చూసిన 9,543 సమ్మతి పత్రాల్లో 2,763 మీద సంతకాలు హాస్టలు వార్డెన్లవి. ఆ సమయంలో జరిగిన చావులకు టీకా కారణమని తేలలేదు. కానీ సమ్మతి తీసుకున్న తీరు తప్పని తేలింది. అంతకు ముందు 1985లో పటాన్‌చెరులో నెట్-ఎన్ ఇంజక్షన్ల ప్రయోగాన్ని స్త్రీశక్తి సంఘటన ప్రశ్నించి, మరుసటి ఏడాది సుప్రీంకోర్టుకు వెళ్లింది కూడా ఈ విషయం మీదే. పరీక్ష మంచిదైనంత మాత్రాన అడగకుండా చేయవచ్చని కాదు. ఇప్పుడు గుండె గీతలు కంప్యూటర్లలో దాస్తారు. 2023 డిజిటల్ సమాచార రక్షణ చట్టంలో పద్ధెనిమిదేళ్ల లోపు పిల్లల సమాచారానికి తల్లిదండ్రుల అనుమతి కావాలని రాశారు. ఆ గీతలు ఎవరి దగ్గర ఉంటాయి, ఏ కంపెనీ వాడుకుంటుంది అని అడిగే హక్కు ఆ తల్లికి ఉంది.

ఇంకొకటి. ఏ పరీక్షా పట్టుకోనివాళ్లు ఉంటారని చెప్పాను. వాళ్లను కాపాడేది గ్రౌండులో ఉన్నవాళ్ల చేతులే. మనిషి కూలి ఊపిరి ఆగితే వెంటనే 108కి ఫోను చేసి, ఛాతీ మధ్యలో నిమిషానికి నూరు నుంచి నూట ఇరవై సార్లు గట్టిగా నొక్కాలి. షాకిచ్చే ఏ.ఇ.డి. పెట్టె ఉంటే తెచ్చి వాడాలి. అమెరికాలో చూసిన లెక్కల్లో బహిరంగ స్థలాల్లో కూలిపోయిన మగవాళ్లలో 45 శాతం మందికి పక్కవాళ్లు ఛాతీ నొక్కారు, ఆడవాళ్లలో 39 శాతం మందికే. ఆడదాని ఛాతీ మీద చేయి వేయడానికి అక్కడే సంకోచమైతే మన దగ్గర చెప్పాలా? కాబట్టి కోచ్‌తో పాటు జట్టులోని అమ్మాయిలందరికీ ఈ పని నేర్పాలి.

2024లో జార్ఖండ్‌లో ఎక్సైజ్ కానిస్టేబుళ్ల ఎంపిక పరుగులో పది మందికి పైగా యువకులు చనిపోయారు. ఎండా, గుండె జబ్బా, మరేదైనానా అని వాదనలు నడిచాయి. ఏదైనా సరే, పరుగు పెట్టించినవాళ్ల మీద బాధ్యత ఉంటుంది. ఉద్యోగం కోసం పరుగెత్తేవాళ్లూ క్రీడాకారులే అని మనం వాదించాలి.

అందుకని మన డిమాండ్లు ఇవి. పరీక్షకు ముందు అమ్మాయికి, తల్లిదండ్రులకు వాళ్ల భాషలో చెప్పి సమ్మతి తీసుకోవాలి. వార్డెను సంతకం చెల్లదు. వద్దంటే జట్టు నుంచి తీసేయకూడదు. ఆడ సిబ్బంది, చాటు గది ఉండాలి. ఫలితం ముందు అమ్మాయికి, ఆమె ఇంటివాళ్లకు విడిగా చెప్పాలి. కోచ్‌కు ‘ఇప్పుడు ఆడవచ్చు’, ‘కొన్నాళ్లు ఆగాలి’ అన్నంత వరకే తెలియాలి. అనుమానం వస్తే ఎకోకు ఎక్కడికి, ఎప్పుడు, ఎవరి ఖర్చుతో వెళ్లాలో శిబిరానికి ముందే తేల్చాలి. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ, ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో ఎన్.టి.ఆర్. వైద్య సేవగా నడుస్తున్నది, పెద్ద చికిత్సలకు ఆసరా. కానీ అక్కడికి చేరేదాకా బస్సు చార్జీ, తల్లి పోగొట్టుకునే కూలి ఇంటి మీదే పడతాయి. అవి శిబిరం పెట్టేవాళ్లే భరించాలి. ఆట ఆగిన పిల్లకు హాస్టలు సీటు, చదువు ఆగకూడదు. చికిత్స అయ్యాక తిరిగి ఆడే దారి ఉండాలి.

ఈ ఏర్పాట్లు లేకుండా యంత్రం మాత్రం తెస్తామంటే, ఏర్పాట్లు చేసుకుని రమ్మని చెప్పండి. మీరు తిరిగి వెళ్లాక యంత్రం కోసం ఎదురుచూడకుండా ఒక పని మొదలుపెట్టవచ్చు. మీ మండలంలోని గురుకులానికి వెళ్లి, ఆటలాడే అమ్మాయిలను ఒక గదిలో కూర్చోబెట్టి, ఇందాకటి ప్రశ్నలు అడగండి. ఎవరైనా అవునంటే ఆ పిల్లను వెంటబెట్టుకుని జిల్లా ఆసుపత్రికి వెళ్లండి. అక్కడ ఏం జరిగిందో రాసి పంపండి. వచ్చే సమావేశంలో ఆ వివరాలతోనే అధికారుల దగ్గరికి వెళదాం.